ఖజానా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
కీపాస్‌ఎక్స్‌సీ-సీఎల్‌ఐ షో -ఎస్ ఖజానా.కేడీబీఎక్స్ కరెంటు

అవతారిక: దుబాయి విమానం రెండు గంటలు ఆలస్యమని బోర్డు మీద పడిన వేళ. శంషాబాదు విమానాశ్రయంలో, ప్లగ్గు పనిచేస్తున్న ఒకానొక కుర్చీ. నాయకుడు ఈ టీకాకారుడే. నాయిక ఉప్పల్లో ఉన్నది. "ఏమండీ, కరెంటు బిల్లుకి ఇవాళే ఆఖరు. ఆ పాస్‌వర్డేదో చెప్పండి" అని ఫోను చేసినది. అంతట నాయకుడు ల్యాప్‌టాపు తెరిచి నల్లటి తెర మీద పై సూత్రాన్ని కొట్టెను. దూరదేశంలో చిక్కుకున్న భర్త ఇంటికి కబురంపే ఘట్టాలకు వ్యాఖ్య చెప్పాలంటే మేఘసందేశానికి సంజీవని రాసిన మల్లినాథసూరే చెప్పాలి. ఆయనదీ మన మెదకు జిల్లా కొల్చారమే. ఆయన అందుబాటులో లేనందున పని నా మీద పడింది.

ప్రతిపదార్థం: కీపాస్‌ఎక్స్‌సీ-సీఎల్‌ఐ = తాళపుచెవుల పెట్టెకు కమాండ్ లైన్ రూపమైనదానా; షో = చూపుము; -ఎస్ = దాపరికము లేకుండా; ఖజానా.కేడీబీఎక్స్ = ఖజానా యను ఫైలునందలి; కరెంటు = కరెంటు అను పద్దును.

వంశవర్ణన క్లుప్తంగా: 2003లో డొమినిక్ రైకల్ విండోస్ కోసం పాస్‌వర్డులు దాచే కీపాస్ రాశాడు. అది లినక్సుకు వచ్చి కీపాస్‌ఎక్స్ అయింది. దాని పని మందగించాక పదిమంది కలిసి ఎత్తుకున్నది కీపాస్‌ఎక్స్‌సీ. ఎవరి పెట్టె వారి డిస్కులోనే ఉంటుంది గనుక తెరవడానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు. విమానాశ్రయం వైఫై కోసం ఓటీపీకి ఎదురుచూసినవారికి ఈ విశేషణం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

సూత్రం కొట్టగానే యంత్రం మూల పాస్‌వర్డు అడుగుతుంది. టైపు చేస్తుంటే తెర మీద ఏమీ కదలదు. కనీసం చుక్కలైనా పడవు.

శంక: మీట పనిచేయడం లేదేమో?
సమాధానం: పనిచేస్తున్నది. చుక్కలు పడితే పక్కవాడు లెక్కపెడతాడు. ఎన్నక్షరాలో తెలియడం కూడా దొంగకు దారిఖర్చే.

ఎంటర్ నొక్కాక క్షణంపాటు నిశ్శబ్దం. ఇది కావాలని పెట్టిన ఆలస్యం. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ నెగ్గిన ఆర్గాన్2 అనే పద్ధతి, మూల పాస్‌వర్డును బోలెడంత మెమరీలో నానబెట్టి రుబ్బి అసలు తాళపుచెవిని తీస్తుంది. సొంతదారుడికి ఒక్క క్షణం పోతుంది. కోట్ల మాటలు పెట్టి చూడదలచిన దొంగకు ప్రతి మాటకూ అదే రుబ్బుడు. (నా విమానం ఆలస్యానికి ఇంత శాస్త్రీయమైన కారణం ఎవరూ చెప్పలేదు.)

ఇక -ఎస్. సూత్రానికి ప్రాణం, గండం రెండూ ఈ ఒక్క అక్షరమే. ఇది లేకుండా షో అంటే యంత్రం యూజరు పేరు చూపి, పాస్‌వర్డు ఉండవలసిన చోట 'ప్రొటెక్టెడ్' అని మాత్రం రాసి ఊరుకుంటుంది. పెద్ద ముత్తయిదువ వరస: అడిగినదానికి జవాబు ఉంటుంది, చెప్పకూడనిది దక్కదు. -ఎస్ తగిలిస్తే తెర నడిమధ్యన పాస్‌వర్డు దిగంబరంగా నిలబడుతుంది, తుడిచేదాకా అలాగే ఉంటుంది.

పాఠాంతరం: 'షో -ఎస్' స్థానే 'క్లిప్' అని కొన్ని ప్రతులలో ఉన్నది. అప్పుడు పాస్‌వర్డు తెర మీదికి రాదు. క్లిప్‌బోర్డులోకి పోయి పది సెకన్లకు చెరిగిపోతుంది. జనసమ్మర్దంలో ఇదే సాధుపాఠమని నా నమ్మకం. అయితే నాయకుడి క్లిప్‌బోర్డు ఉప్పలుదాకా పోదు. కనుక నాయిక ఉప్పల్లో ఉన్నంతవరకూ -ఎస్ పాఠమే గతి.

శ్లేష: 'ఎడిట్' అను మరో ఆజ్ఞతో పద్దు పేరు అలాగే ఉంచి లోపలి పాస్‌వర్డు మార్చవచ్చు, పాతది పద్దు చరిత్రలో పడి ఉంటుంది. దీనికి దృష్టాంతం మనం కూర్చున్న చోటే. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారినప్పుడు హెచ్‌వైడీ అనే సంకేతం కూడా మూటాముల్లె సర్దుకొని వచ్చేసింది. టికెట్టు మీద అవే మూడక్షరాలు, దిగే నేల వేరు. బేగంపేట బీపీఎం అనే కొత్త పేరుతో సరిపెట్టుకుంది.

మూల పాస్‌వర్డు విషయం కొంచెం ఆగి చెప్పాలి. మరిచిపోతే ఈ పెట్టెను తెరిచి ఇచ్చే కౌంటరు లేదు, ఓటీపీ లేదు. ఇందుకే పెద్దలు డైస్‌వేర్ అనే విధి చెప్పారు: అయిదు పాచికలు వేస్తే వచ్చే అంకెను బట్టి 7,776 మాటల పట్టికలోంచి ఒక మాట. అలా ఆరేడు మాటలు కూడితే అర్థం లేకపోయినా నోటికి వచ్చే పద్యపాదం అవుతుంది. ఇక్కడ పాచికలు కూడా యంత్రమే వేస్తుంది. శకుని విద్యకు ఇన్నాళ్లకు ఒక ధర్మకార్యం దొరికింది. ఇంగ్లీషు పట్టికకు బదులు మన పట్టిక ఇచ్చుకోవచ్చు గనుక నా పాదంలో గుమ్మడికాయ, తాసిల్దారు పక్కపక్కనే వచ్చారు. మిగతా మాటలు చెప్పను.

తాత్పర్యం: ఓ పెట్టే, కరెంటు పద్దు దాచకుండా చూపుము. అది చూపెను. నాయకుడు ఫోను చెవిన పెట్టి, సిగ్నలు తెగుతున్నందున గొంతు పెంచి, "పెద్ద కే... కాకినాడ కే... తర్వాత చిన్న ఎం... ఎం, ఎన్ కాదు... డాలరు... అదే, ఎస్ మీద నిలువు గీత" అని చదివెను. నాయిక మూడుమార్లు కొట్టినది. మూడుమార్లూ తప్పని వచ్చినది.

పక్క కుర్చీలో పెద్దాయన పేపరు మడిచి, కళ్లజోడు సవరించుకొని, తెర వైపు చూసి, "డాలరుకి ముందు సున్నా ఉంది బాబూ, అది చెప్పలేదు మీరు" అన్నాడు.