అరగంట వీపు తిప్పనివ్వండి: బంగాళాఖాతం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగాళాఖాతం గారి దివ్యసముఖమునకు,
బీచ్ రోడ్డు, తూర్పు వైపు యావత్తూ,
విశాఖపట్నం.

విషయం: డబుల్ డెక్కర్ బస్సు అరగంటసేపు తమకు వీపు తిప్పి ఊళ్ళోకి పోయి వచ్చుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: ఆర్.కె. బీచ్ మొదలు తొట్లకొండ వరకు తమ సముఖమున నడుచు హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు.

అయ్యా,

ఈ ఊళ్ళో అధికారులకు కొదవలేదు. కలెక్టరున్నారు, మేయరున్నారు, కమిషనర్లున్నారు. అయినా అర్జీ తమకే పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ రోడ్డు ఎటు వంగాలో, హోటలు గదికి ఎంత అద్దె గుంజాలో, ఫ్లాటుకు 'సీ వ్యూ' అన్న రెండు ముక్కలకి ఎన్ని లక్షలు అదనంగా కట్టాలో, కొత్త దంపతులు ఫొటోలో ఎటు తిరిగి నవ్వాలో తేల్చేది తమరే. పెత్తనం ఎవరిదో తెలిశాక మధ్యలో గుమాస్తాల చుట్టూ తిరగడం దేనికని నేరుగా వచ్చాను.

2025 ఆగస్టు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు తమ ఒడ్డున ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులకు జెండా ఊపారు. 24 గంటల టిక్కెట్టు 500 రూపాయలనీ, అందులో సగం ప్రభుత్వం భరించి ప్రయాణికుడి దగ్గర 250 తీసుకుంటుందనీ ఆనాడు ప్రకటించారు. టిక్కెట్టు కొన్నవాడు నచ్చినచోట దిగి, చూసుకుని, వెనకొచ్చే బస్సెక్కి ముందుకు సాగవచ్చు. ఆర్.కె. బీచ్ నుంచి తొట్లకొండకు దాదాపు 16 కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా తమరు కిటికీలోంచి తప్పుకోరు. బస్సు మంచిదే. దారీ అందమైనదే. నా పేచీ అంతా తమ సర్వాంతర్యామిత్వంతోనే.

పైఅంతస్తులో ఏం జరుగుతుందో తమరు ఒడ్డున ఉండి గమనించే ఉంటారు. తొట్లకొండ వైపు పోయేటప్పుడు తమరు కుడిచేతి వైపు. ముందు నిండేవి కుడివైపు సీట్లే. ఎడమవైపు కూర్చోవలసి వచ్చినవాళ్ళు మెడలు సాచి, ముందువాడి భుజాల మీదుగా ఫోన్లు చాపి తమ దర్శనం చేసుకుంటారు. తిరుగు ప్రయాణంలో తమరు ఎడమకు మారతారు, సీట్ల మీద తుండుగుడ్డలూ మారతాయి. ఒక పెద్దాయన భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి, "అదిగోనే సముద్రం" అని నాలుగు స్టాపుల్లో నాలుగుసార్లు చూపించాడు. ఆవిడ కూడా ప్రతిసారీ కొత్తగానే చూసింది. తమ ఆకర్షణ మీద నాకేం అసూయ లేదు. చిక్కల్లా, బస్సు దిగి చూడవలసినవాటిలో చాలా భాగం రోడ్డుకు అవతలి వైపు, అంటే తమరు లేని వైపు ఉండడమే.

టీయూ-142 విమానాన్నే తీసుకోండి. 29 ఏళ్ళు నౌకాదళంలో పనిచేసి, అరక్కోణం నుంచి ఎగురుతూ తమ మీద నిఘా వేసిన విమానం అది. తమ కడుపులో ఏ జలాంతర్గామి దాక్కుందో పసిగట్టడం దాని ఉద్యోగం. 2017లో పదవీ విరమణ చేసి, ఆ డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మ్యూజియం అయింది. ఇప్పుడు తమకు ఎదురుగా, రోడ్డుకు అవతల రెక్కలు చాచుకుని కూర్చుంది. అదే వరుసలో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. యుద్ధకాలంలో జపాను వారు వేసిన పేలని బాంబు ఒకటి ఆ మ్యూజియంలో చూడొచ్చు. ఆ విమానాలను మోసుకొచ్చిన ఓడ తమ మీదుగానే వచ్చింది. ఆ సంగతి తమరు ఇంతవరకు ఎవరికీ సంజాయిషీ చెప్పినట్టు లేదు.

కొండెక్కితే తొట్లకొండ. నౌకాదళం వారు సర్వే చేస్తుండగా 1976లో బయటపడిన బౌద్ధారామం అది. 1988 నుంచి 1993 దాకా తవ్వితే స్తూపాలూ, విహారాలూ, రాతిలో తొలిచిన నీటితొట్లూ, శాతవాహనుల నాణేలతో పాటు రోము వెండి నాణేలూ దొరికాయి. రోము నుంచి ఆ వెండి ఇక్కడిదాకా వచ్చిందంటే అందులో తమ చలవ ఉంది. కానీ ఆ ముక్క తెలియాలంటే కొండమీద ఇటుక గోడల మధ్య తిరగాలి. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు కూడా స్తూపాన్ని పట్టించుకోకుండా, తమరు వెనక పడేలా సెల్ఫీ దిగి బస్సుకు పరుగెడుతున్నారు.

తమ వైపున ఉన్నవాటిని తక్కువ చేయడం లేదు. కురుసుర జలాంతర్గామి తమ ఇసుక మీదే ఉంది. 1969లో సోవియట్ దేశంలో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో సెలవు పుచ్చుకుని, 2002లో ఒడ్డుకెక్కింది. బస్సు మీద నుంచి చూస్తే 91 మీటర్ల నల్లటి ఇనుము, అంతే. దిగి లోపలికి వెళితే గది గదికీ మధ్య గుండ్రటి ద్వారాలు. ముందు కాలు వెయ్యాలి, తర్వాత తల వంచాలి, ఆఖర్న పొట్టను ఒప్పించాలి. మనిషి వెడల్పుకు కొలిచి కట్టిన ఆ సందులో గోడ పొడుగునా గొట్టాలూ, మీటలూ, టార్పెడోల పక్కనే పడకలూ. నెలల తరబడి అందులో బతికిన నావికుల సంగతి అప్పుడు గాని ఒంటికి తెలియదు. ఈ బస్సుకు అసలైన విలువ ఇక్కడే ఉంది. ఎక్కి కూర్చున్నంతసేపూ వాళ్ళు చూపించేది చూస్తాం. దిగాక మన కంటపడేది చూస్తాం. రెండు బస్సుల మధ్య దొరికే ఆ వ్యవధి కోసమే టిక్కెట్టు కొనేది.

ఆ మాటకొస్తే దిగుతూ ఎక్కుతూ ఊరు తిరగడం మా వాళ్ళకు కొత్తా కాదు. ఆర్టీసీ వారి 900కె బస్సులో చేపల బుట్టలూ, కాలేజీ సంచులూ, భీమిలి చుట్టాలూ ఎన్నేళ్ళుగానో ఎక్కుతూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి. దానికి ఇంగ్లీషు పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు గాని, అందులోంచి దిగినవాళ్ళు తమ వైపు కాకుండా ఎవరి పని వైపు వాళ్ళు నడుస్తారు. ఊరుందని గుర్తు చేసే బస్సు అది.

తమ చుట్టపక్కాల సంగతి కూడా కనుక్కోండి. మధ్యధరా వారి ఒడ్డున ఉన్న బార్సిలోనాలో 1987 నుంచి ఇలాంటి బస్సులు తిరుగుతున్నాయి. అక్కడ ఒకటికి రెండు దారులు, మధ్యలో మారడానికి స్టాపులు, ఒకటే టిక్కెట్టు. ఇక అరేబియా వారి ముంబయిలో 'నీలాంబరి' అనే కప్పులేని డబుల్ డెక్కరు 2023 దాకా నడిచింది. రాత్రిపూట దీపాల వెలుగులో స్టేషను భవనాన్నీ, కార్పొరేషను కచేరీనీ, ఏషియాటిక్ లైబ్రరీ మెట్లనూ చూపించేది, మెరీన్ డ్రైవుకూ తీసుకుపోయేది. అరేబియా వారేమీ అలగలేదు. తమ వంతు వచ్చేదాకా కూర్చున్నారు.

కనుక ప్రతిపాదన ఇదీ. ఆర్.కె. బీచ్ దగ్గర ఉత్తరానికి పోయే బస్సు ఎలాగూ ఉంది. దక్షిణానికి, కోస్టల్ బ్యాటరీ మీదుగా ఫిషింగ్ హార్బరుకూ, అక్కడి నుంచి వన్ టౌనుకూ ఇంకొక చుట్టు వేయించాలి. డబుల్ డెక్కరు ఆ సందుల్లో దూరదు, దూరినా కరెంటు తీగలు పైఅంతస్తు వాళ్ళ తలలు దువ్వుతాయి. చిన్న బస్సు చాలు. పాత టిక్కెట్టే చెల్లాలి.

తెల్లవారుజామున జట్టీ మీద దిగాలి. బోట్లు అప్పుడే వచ్చి ఉంటాయి. ఐసు పెళ్ళల మీద కోనాం, చందువా, కానాగంతలు, పేర్లు తెలియని మరో పది రకాలు. వేలంపాట ఏ భాషలో సాగుతోందో తేల్చుకునేలోగా సరుకు చేతులు మారిపోతుంది. కొంగు బిగించి కూర్చున్న ఆమె బొటనవేలితో మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తుంది. "సూడు బావూ, రాతిరి పడిందే. రేటడిగే ముందు సేపని సూడు." కొనడానికి రాలేదని నసిగితే, "మరి సూసీడానికొచ్చినావేటి?" అని చుట్టుపక్కల నలుగురికీ వినపడేలా అడుగుతుంది. పర్యాటక శాఖల మీద ఇంతకంటె సూటి ప్రశ్న నేను వినలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ వేలంపాట లేకపోయినా, బోట్లకు రంగులు వేసేవాళ్ళూ, వలలు బాగు చేసుకునేవాళ్ళూ ఉంటారు. తమను నమ్ముకుని బతికే జనం తమ దగ్గర సెలవు తీసుకుని ఏం చేస్తారో చూడ్డానికి అంతకంటె మంచి కాలం లేదు.

అక్కడి నుంచి కురుపాం మార్కెట్టు, బంగారం కొట్లు, పాత టౌన్ హాలు. విక్టోరియా మహారాణి విగ్రహానికి ఇక్కడి పేరు రాణీబొమ్మ. సూర్యుడు అస్తమించని సామ్రాజ్యాన్ని ఏలిన మనిషి, చివరికి ఆటోవాళ్ళకు ఒక గుర్తుగా మిగిలింది. ఆ పక్కన రేవుకు ఎదురుగా మూడు కొండలు: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. పైకెక్కితే ఓడలు కాలవలోంచి రేవులోకి రావడం కనిపిస్తుంది. 1933లో ఈ రేవు తెరవడానికి ముందు తమ అలల దూకుడు ఆపలేక రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. ఆ కక్షతోనే కాబోలు, తమరు దక్షిణం నుంచి మోసుకొచ్చే ఇసుక అడ్డుకట్ట దగ్గరే ఆగిపోయి, ఆర్.కె. బీచ్ కోతకు గురవుతోంది. రేవులో తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోయడం మాకొక శాశ్వతోద్యోగమైంది. బస్సులో వెళ్ళేవాడికి బీచ్ ఒక దృశ్యం. రాస్ హిల్ ఎక్కినవాడికి అది తమకూ రేవుకూ మధ్య ఇంకా తేలని వ్యాజ్యం.

తమ ఒక్కరినే చూసి తిరిగి వెళ్ళడం పెళ్ళివారింటికి వచ్చి వీధరుగు మీద మజ్జిగ తాగి వెళ్ళిపోవడం. తమరు పూరీలో ఉన్నారు, మద్రాసులో ఉన్నారు, కాకినాడలోనూ ఉన్నారు. ఏ రైలెక్కినా దొరుకుతారు. విశాఖలో మాత్రమే దొరికేది విశాఖ. దాన్ని చూపించడానికి ఇంత మంచి బస్సు ఉండి, అది తమ ముఖం చూసుకుంటూ అటూ ఇటూ తిరగడంతోనే సరిపెట్టుకోవడం సబబేనా?

పై కారణాల వల్ల తమరు దయచేసి:

1. బస్సు ఊళ్ళోకి మళ్ళినప్పుడు అలగకుండా ఉండవలెను. అరగంటలో మళ్ళీ తమ ఒడ్డుకే వస్తాం, వేరే దారి కూడా లేదు.

2. 24 గంటల టిక్కెట్టును సాయంత్రం నుంచి సాయంత్రం దాకా వాడుకునేలా జనానికి బుద్ధి పుట్టించవలెను. అప్పుడు ఒక రాత్రి మురీ మిక్స్చరుకూ, ఒక తెల్లవారుజాము జట్టీకీ చోటు దొరుకుతుంది. మధ్యాహ్నం పూట ఎవరూ ఎక్కడా దిగనక్కర్లేదు.

3. మధ్యాహ్నం ఎండ విషయమై తమ సహోద్యోగి సూర్యుడు గారితో మాట్లాడవలెను. దిగే హక్కు ఇచ్చి, దిగినచోట నీడ ఇవ్వకపోతే ఆ హక్కు మే నెలలో చెల్లదు. బస్సు వదిలి ఉక్కలో నిలబడే దేశభక్తి అందరికీ ఉండదు.

4. గైడు ఎవరైనా "సుందర సముద్ర తీరం" అని మూడోసారి అనబోతే ఒక పెద్ద అలతో ఆ మాట మింగేయవలెను. ఆ ఖాళీలో అతను ఎడమవైపు చూసి కైలాసగిరి గురించైనా చెప్పుకుంటాడు.

5. అన్నిటికంటె ముఖ్యం, బస్సు నడిచే రోడ్డు కింది మట్టిని కొరకకుండా ఉండవలెను. ఎంత డబుల్ డెక్కరైనా రోడ్డు లేకపోతే నడవదు.

ఈ అర్జీని తోసిపుచ్చే పక్షంలో కారణాలు రాతపూర్వకంగా తెలుపవలెను. ఇసుక మీద రాసి, తమరే చెరిపేసే ఉత్తర్వులు చెల్లవు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ఒడ్డునే పుట్టి, తమను చూడ్డానికి ఏనాడూ టిక్కెట్టు కొనని
ఒక విశాఖవాసి

నకళ్ళు:
డాల్ఫిన్స్ నోస్ కొండ గారికి, ఊరినీ సముద్రాన్నీ ఒకేసారి చూడగల అధికారి గనుక, సిఫారసు నిమిత్తం.
రాణీబొమ్మ గారికి, సందర్శకులు వస్తే బిత్తరపోకుండా ఉండే నిమిత్తం.
జట్టీ మీది పిల్లులకూ గద్దలకూ, సమాచార నిమిత్తం. ఆక్షేపణలుంటే వేలంపాట ముగిసేలోగా దాఖలు చేసుకోవలెను.