చేతిసంచి బాబాయి

కరోనా వచ్చి వెళ్ళాక మన వైపు వీధికొక చేతిసంచి మనిషి తయారయ్యాడు. గుంటూరు బ్రాడీపేటలో ఆ లోటు మా బాబాయి తీరుస్తున్నాడు. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. 2020 మార్చి దాకా ఆయనా మనలాంటివాడే. చేతులూపుకుంటూ బజారుకెళ్ళి, అరకిలో వంకాయలకో కవరు, కట్ట గోంగూరకో కవరు వేయించుకొచ్చేవాడు.

ఆ నెల 25 నుంచి లాక్‌డౌన్. మిరప కోతల కాలం. కాయలేమో కల్లాల్లో, మిర్చి యార్డేమో మూత. ఏడాది కారం ఆడించుకునే వేళకి మా వీధి మిల్లూ మూతే. మిర్చికి ఆసియాలోనే పెద్ద యార్డున్న ఊళ్ళో కాపురం ఉంటూ పిన్ని కారం డబ్బా అడుగు చెంచాతో గీకింది. ఆ గీకుడు విన్న రోజే బాబాయి మారిపోయాడు.

ఆయన పాలప్యాకెట్ కత్తిరించడం చూసి తీరాలి. మూల తెగాలి గానీ ముక్క ఊడకూడదు. ఆ చిన్న ముక్కే కాలవలోకి పోతుందని ఆయన బెంగ. పాలు వంచాక ప్యాకెట్‌ని రెండుసార్లు తొలిచి, ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసి, ప్యాకెట్‌ని దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేస్తాడు. పక్కన పిన్ని చీర ఆరేయడానికి చోటుండదు. "కరోనా పోయింది గానీ, మీ బాబాయికి పట్టింది పోలేదురా" అంటుంది పిన్ని.

పాత పంచెలు మొదట మాస్కులయ్యాయి, తర్వాత సంచులయ్యాయి. "పత్తి పండే నేల మీద పుట్టి గుడ్డసంచి లేకుండా తిరుగుతావేంట్రా?" అని గుమ్మంలోనే నిలేస్తాడు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి కవర్లని కేంద్రం 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించిందని ఎవరు చెప్పారో గానీ, రైతుబజారుకి మనశ్శాంతి పోయింది. ఒకప్పుడు పత్తి పింజ లాగి చూసిన వేళ్ళతోనే ఇప్పుడు కవరు నలిపి, "ఇది నూట ఇరవై లేదమ్మాయ్" అని తేల్చేస్తాడు. "నువ్వు సంచి తెచ్చుకున్నావుగా బాబాయ్, నీకెందుకు?" అంటుంది కూరగాయలమ్మి. పెళ్ళిళ్ళలో మరీ తలవంపులు. జేబులోంచి స్టీలు గ్లాసు తీస్తాడు. ఎవరో సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసా పట్టుకుని పెళ్ళివారి వెంట పడతాడు.

ఇంత పొదుపరీ, "మళ్ళీ వేవ్ వస్తుందట" అని ఎవరన్నా అంటే చాలు, బస్తాడు కందిపప్పు దించుతాడు. దానికి పురుగు పడుతుంది. వెదురు బ్రష్షులు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మూడు అట్టపెట్టెల్లో చుట్టి వచ్చాయి. ఆ పెట్టెలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి, "ఎందుకైనా పనికొస్తాయి" కాబట్టి.

ఆయన్ని నడిపించేది భూమి మీద ప్రేమ కాదు, కొరతంటే భయం. కానీ 2020లో "ఇంత తక్కువతో బతకొచ్చా!" అని పరవశించిన మనం, షాపులు తెరిచిన వారానికే ఆ మాట గట్టున పెట్టాం. భయపడిన బాబాయి మాత్రం ఇంకా సంచి దించలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఉంటే వెక్కిరించండి, తప్పులేదు. బజారుకెళ్ళేటప్పుడు మాత్రం ఆయనిచ్చిన సంచి పట్టుకెళ్ళండి.