ఒక పల్చని గిన్నె ఆత్మకథ

మట్టిపాత్ర చరిత్ర దాన్ని మలచిన చేతుల చరిత్రతో ముడిపడే ఉంటుంది కనుక, 1970ల మధ్యకాలంలో లండన్‌లో రూపుదిద్దుకున్న ఈ గిన్నె తన జీవితాన్ని చెప్పుకోవాలంటే లూసీ రీ అనే కళాకారిణి జీవితాన్ని కూడా చెప్పక తప్పదు. మూతి దగ్గర జానెడు వెడల్పు, అడుగున మూడు వేళ్లకు మించని వలయం, ఆ చిన్న వలయం మీదనుంచి ఒక్క ఊపులో పైకి విచ్చుకున్న పల్చని గోడ, అంచున కరిగి కిందికి జారిన కంచువన్నె పూత ఈ గిన్నె స్వరూపం. మట్టిని సిద్ధం చేయడం మొదలు కాల్చి బయటికి తీసేవరకు అన్ని దశలనూ ఒక కళాకారుడే తన పనిగదిలో నడిపించే పద్ధతిని స్టూడియో సిరామిక్స్ అంటారు. ఈ గిన్నె ఆ పద్ధతికి చెందినది.

లూసీ గోంపెర్జ్ 1902లో వియన్నాలో ఒక యూదు వైద్యుడి ఇంట పుట్టింది. 1922లో అక్కడి అలంకార కళల పాఠశాలలో చేరి, మిఖాయెల్ పోవోల్నీ దగ్గర చదువుతూ సారెకు వశమైపోయింది. హాన్స్ రీతో పెళ్లయింది, సొంత పనిగది ఏర్పడింది, 1937 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో వెండి పతకం వచ్చింది. మరుసటి ఏడాది ఆస్ట్రియా నాజీల చేతిలోకి వెళ్లడంతో ఆమె లండన్ చేరింది. భర్త అమెరికా వెళ్లిపోగా ఆమె హైడ్ పార్క్ సమీపంలోని ఆల్బియన్ మ్యూస్‌లో, 18వ నంబరు ఇంట్లో, కింద పనిగది, పైన నివాసంగా స్థిరపడి చివరివరకూ అక్కడే ఉంది. అప్పట్లో బతుకు గడవడానికి దుస్తుల సంస్థలకు సిరామిక్ గుండీలు చేసి అమ్మింది. ఆ గుండీల పనికి సాయంగా 1946లో వచ్చిన జర్మన్ శరణార్థి హాన్స్ కోపర్‌కు అంతకుముందు మట్టిపని తెలియదు. తర్వాత అతనూ ఆ శతాబ్దపు గొప్ప సిరామిక్ కళాకారుల్లో ఒకడయ్యాడు.

ఈ గిన్నె ఇంత పల్చగా ఉండటం వెనుక ఒక వివాదం ఉంది. నాటి బ్రిటన్‌లో మట్టిపనికి పెద్దదిక్కు బెర్నార్డ్ లీచ్. జపాన్‌లో నేర్చుకుని వచ్చి 1920లో సెయింట్ ఐవ్స్‌లో కార్యశాల పెట్టిన ఆయనకు బరువైన పాత్రలు, మట్టి గుణాన్ని దాచని మోటుదనం, మంట వదిలిన గుర్తులు ఇష్టం. వియన్నా నుంచి వచ్చిన సన్నని పాత్రలు ఆయన కంటికి ఆనలేదు. లీచ్ మీది గౌరవంతో ఆమె కొంతకాలం మందపాటి పాత్రలు చేయబోయింది, కాని అవి ఆమె పాత్రల్లా రాలేదు. సొంత దారిని వదలవద్దని కోపర్ ధైర్యం చెప్పిన మీదట ఆమె మళ్లీ తన పల్చదనానికి వచ్చింది, లీచ్‌తో స్నేహం మాత్రం కడదాకా నిలిచింది. పల్చదనాన్ని బలహీనతగా ఎంచిన ఆ తీర్పు పొరపాటని చెప్పడానికి ఈ గిన్నెకు పూర్తి అర్హత ఉంది, ఎందుకంటే అంత చిన్న అడుగు అంత వెడల్పు మూతిని మోయగలిగినది గోడ అంత తేలికగా ఉండటం వల్లనే.

సారె మీద పైకి లేచిన గోడ ఇంకా తడిగా ఉన్నప్పుడు అడుగు మందంగానే ఉంటుంది. సగం ఆరిన దశలో గిన్నెను సారె మీద బోర్లించి, తిప్పుతూ, లోహపు పనిముట్టుతో అడుగును పొరలు పొరలుగా చెక్కి వలయాన్ని తేల్చింది ఆమె. అక్కడ ఒక్క పొర ఎక్కువ పోతే చిల్లు పడుతుంది, తక్కువ పోతే బరువు మిగిలిపోతుంది. ఆ వలయం పక్కనే ఆమె పేరు పొడి అక్షరాల ముద్ర పడింది.

ఆమె పనిలో అందరికన్నా భిన్నమైనది ఆ తర్వాతి దశ. గ్లేజు అంటే ఖనిజాల పొడిని నీళ్లలో కలిపి పాత్రకు పూసే పూత, ఆవంలో అది కరిగి గాజులా అతుక్కుంటుంది. మామూలుగా సిరామిక్ కళాకారులు పాత్రను ముందు ఒకసారి కాల్చి, గట్టిపడ్డాక గ్లేజు పూసి రెండోసారి కాలుస్తారు. లూసీ రీ పచ్చి పాత్రకే, ఎండిన మట్టికే, కుంచెతో చిక్కని గ్లేజు పూసి ఒకేసారి కాల్చేది. ఎండిన మట్టి పూతలోని నీటిని పీల్చుకుని చిట్లిపోయే ప్రమాదం ఉన్నా, పూతా మట్టీ ఒకే మంటలో కలిసి పరిపక్వమవుతాయి గనుక వాటి మధ్య కలయిక గాఢంగా ఉంటుంది. తెలుగు పల్లెల్లో కుమ్మరి కూడా పచ్చికుండకు ఎర్రమట్టి పూత పూసి ఒక్క ఆవంతోనే పని ముగిస్తాడు, అయితే అక్కడ గ్లేజు ఉండదు, వేడీ ఇంతకన్నా చాలా తక్కువ.

ఈ గిన్నెకు పూసినది మాంగనీసు కలిసిన ముదురు గోధుమరంగు పూత. అది ఆరాక ఆమె సూది పట్టుకుని, నడిమి నుంచి అంచు వైపు ఒకదాని పక్కన ఒకటిగా గీతలు గీసింది. సూది తగిలినచోట పూత లేచిపోయి కిందనున్న లేతరంగు మట్టి బయటపడింది. పూతను గీసి అడుగు రంగును చూపే ఈ పద్ధతిని స్గ్రాఫిటో అంటారు. ఇంగ్లండులోని ఏవ్‌బరీ ప్రదర్శనశాలలో చరిత్రపూర్వకాలపు పాత్రలనూ, వాటిపై గీతలు గీయడానికి వాడిన పక్షి ఎముకలనూ చూశాక ఆమెకు ఈ ఆలోచన వచ్చింది. కొలబద్ద పెట్టకుండా చేత్తోనే గీసినందువల్ల గీతలు అక్కడక్కడ దగ్గరై, అక్కడక్కడ దూరమై ఉంటాయి. ఈ గిన్నెకు అందం అక్కడే ఉంది.

ఆమె ఆవం విద్యుత్తుతో నడిచేది, పైనుంచి తెరిచేది, సర్దడానికి నడుము వంచి లోపలికి వాలవలసినంత లోతైనది. కట్టెల ఆవంలో మంట వల్ల ప్రాణవాయువు తగ్గి పూతల రంగులు మారతాయి. విద్యుత్ ఆవంలో గాలి స్వచ్ఛంగా ఉంటుంది కనుక మంట ఇచ్చే యాదృచ్ఛిక సొగసులు అందులో దొరకవు. అందుకే దాన్ని చిన్నచూపు చూసినవారు ఎందరో. ఆమె ఆ లోటును పూతల రసాయనంతోనే పూడ్చింది. వేడి మెల్లగా ఎక్కుతూ 573 డిగ్రీల వద్ద మట్టిలోని క్వార్ట్జ్ రూపం మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, పగుళ్లకు అది అనువైన ఘడియ. 1250 డిగ్రీల సమీపానికి చేరేసరికి మట్టి నీరు పీల్చని గట్టి స్టోన్‌వేర్‌గా మారింది, అంచున మందంగా నిలిచిన మాంగనీసు కరిగి కంచువన్నె తేలింది.

ఆమె కేంబర్‌వెల్ కళాశాలలో 1960 నుంచి 1972 వరకు బోధించింది, 1991లో డేమ్ బిరుదు అందుకుంది. జపాన్ దుస్తుల రూపకర్త ఇస్సే మియాకే ఆమె పాత గుండీలను తన దుస్తులపై కుట్టించి, 1989లో ఆమె పాత్రలను జపాన్‌లో ప్రదర్శించాడు. 1990లో పక్షవాతం ఆమె చేతిపనిని ఆపేసింది, 1995లో ఆమె కన్నుమూసింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాల 2009లో తిరిగి తెరిచిన సిరామిక్ విభాగంలో ఆమె పనిగదిని మళ్లీ అమర్చింది. అక్కడికి ప్రవేశ రుసుము లేదు. చదువుకో ఉద్యోగానికో లండన్ చేరిన తెలుగువారు ఒక పూట తీరిక చేసుకుని ఆ విభాగానికి వెళ్లాలి, అక్కడి గిన్నెల రంగులతో తృప్తిపడక ఒంగి వాటి అడుగులు కూడా చూడాలి.