ఒక్క మిట్ట మంజూరు చేయండయ్యా

వ్యూపాయింట్ల మంజూరు అధికారి గారికి (అలాంటి కుర్చీ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందన్న నమ్మకంతో) తిరుపతివాసి రాసుకున్న బహిరంగ లేఖ.

విషయం: సముద్రం ఉంది, ఎక్కి చూసే చోటు లేదు – మనవి.

అయ్యా,

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కొండ కింద ఉన్న మాకు ఒక్క జీవోతో సముద్రం వచ్చింది. ఏడుకొండలు ముందే ఉన్నాయి, ఇంక కొదవేముందని అవ్వను కారెక్కించుకుని బయల్దేరాం.

దారిలో గూడూరు వచ్చింది. గూడూరంటే లోకానికి నిమ్మకాయలు, మా అవ్వకు మైకా. సైదాపురం గనుల్లో తీసిన పచ్చ అభ్రకాన్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు. రేడియోల్లోకి, ఇస్త్రీపెట్టెల్లోకి అది దేశాలు దాటి పోయేది. కోట వైపు తిరిగితే నేలే తెల్లబడింది. పంచదార ఒలకబోసినట్టు సిలికా ఇసుక, ఎదురుగా పట్టాలు కప్పుకున్న లారీలు.

తూపిలిపాళెం చేరాం. సరుగుడు తోపు, పడవలు, సముద్రం. అంతా బల్లపరుపు. "పైకెక్కి చూడాల నాయనా" అంది అవ్వ. కొండ కింద పుట్టిన మనిషి, ఎక్కకుండా చూసింది ఆమెకు చూసినట్టు కాదు. ఎక్కేదెక్కడ? ఈ తీరంలో దేవుడు పోసిన ఎత్తంతా ఇసుకే. అదేమో గాజు ఫ్యాక్టరీల దారి పట్టింది. ఏ మేడ కిటికీకో అద్దమై, ఇంకెవరికో సముద్రం చూపిస్తూ ఉంటుంది.

ఇక్కణ్ణుంచి లేచిపోవడం కొత్తేం కాదులెండి. ఆ పక్కనే దుగరాజపట్నం. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు దిగి, అర్మగాన్ అని పిలుచుకుని, ఫిరంగులు కూడా బిగించుకున్నారు. 1640కల్లా చెన్నపట్నం చేరారు. 2014 విభజన చట్టంలో అదే ఊరికి పెద్ద ఓడరేవు రాసిచ్చారు. అది కాగితం మీదే లంగరేసింది.

రాకెట్లు చూడటానికి శ్రీహరికోటలో 2019లో గ్యాలరీ కట్టారు, సంతోషం. ఎప్పుడో ఎగిరేదానికి అన్ని మెట్లు, రోజూ ఎగిసేదానికి ఒక్కటీ లేదు.

కాబట్టి తమరు ఓ వంద లారీలను వెనక్కి తిప్పించి, ఒడ్డున ఒక్క మిట్ట పోయించండి. మెట్లు అక్కర్లేదు, తిరుమల దారిలో మోకాళ్ళపర్వతం ఎక్కినవాళ్ళం. టోకెన్లు పెట్టినా సరే, క్యూలైన్లలో పెరిగినవాళ్ళం.

ఈసారికి అవ్వను బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టాం. కాసేపు చూసి, "తిరుమలలో అయితే ఈపాటికి జరగండి జరగండి అనేవాళ్ళు" అని ఇంకాస్త కుదురుగా కూర్చుంది.

ఇట్లు,
తమ విధేయుడు