బ్రహ్మకమల వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “వదినగారూ, మా బ్రహ్మకమలం ఇవాళ విచ్చుకుంటుంది, తొమ్మిదింటికల్లా వచ్చేయండి.”

టీక: వదినగారూ = పిట్టగోడకు అవతలి ఇంటి ఇల్లాలా; నీళ్ల మోటారు విషయమై కిందటి నెల నుండి ఇరువురికీ మాటలు లేకపోయినా, మొగ్గ తొడిగిన కారణంగా ఈ వరుస తిరిగి కలిసినదని గ్రహించాలి. మా = కుండీకి నీళ్లు పోసినది ఒక్కరే అయినా, పువ్వు మాత్రం ఇంటిల్లిపాదిదీ కనుక బహువచనం. బ్రహ్మకమలం = ఇది పంకజశబ్దం వలె వ్యుత్పత్తి ప్రకారమూ వాడుక ప్రకారమూ కుదిరే యోగరూఢి కాదు, కేవలం రూఢి; ఏలయన ఈ మొక్క మెక్సికో, గ్వాటెమాల అడవులలో చెట్లను అంటిపెట్టుకొని బతికే కాక్టస్ జాతిది, శాస్త్రనామం ఎపిఫిల్లం ఆక్సీపెటాలం. అసలు బ్రహ్మకమలం హిమాలయాలలో పూచి కేదారనాథునికి అర్పితమయ్యే ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. అదీ పొద్దుతిరుగుడు కుటుంబానిదే గాని తామరకు చుట్టం కాదు. కాబట్టి పేరులోని కమలం రెండు చోట్లా ఆరోపితమే, బ్రహ్మ సంగతి చెప్పనక్కరలేదు.

శంక: ఆకు నుండి పువ్వు పుట్టడం చేతనే దీనికి ఆ మహిమ కలిగినదని అందరూ చెబుతారు గదా? సమాధానం: ఆకు వలె కనిపించేది చదునైన కాండం, దాని అంచు నొక్కులలో నుండి మొగ్గ వస్తుంది. “ఆకు మీద” అని అర్థమిచ్చే ఎపిఫిల్లం శబ్దాన్ని శాస్త్రజ్ఞులే పెట్టుకున్నారు గనుక, ఇల్లాలిని తప్పు పట్టరాదు.

ఇవాళ = పంచాంగం చూడకుండా, అనుమాన ప్రమాణంతో నిర్ణయించిన దినం; అంతవరకు కిందికి వేలాడిన మొగ్గ కొక్కెం వలె వంగి తల పైకెత్తడం, దాని వెలుపలి ఎర్రని సన్నని రేకులు సడలడం ఇందుకు హేతువులు. తొమ్మిదింటికల్లా = చీకటి పడ్డాక రేకులు విడివడనారంభించి అర్ధరాత్రికి పూర్తిగా విచ్చి, తెల్లవారేసరికి మెడ వాల్చేస్తాయి. ఈ పువ్వు తెలుపు, పరిమళం స్వదేశంలో పొడుగు తొండపు రాత్రి చిమ్మటలను పిలవడానికి ఏర్పడినవి. ఇక్కడ ఆ స్థానంలో ఇరుగుపొరుగులు ఆదేశంగా వస్తారు. వచ్చేయండి = అవతలి వారి సీరియల్ ముగియకపోయినా అని భావం.

పాఠాంతరం: “వాట్సాప్‌లో ఫోటో పెట్టాను, చూడండి” అని కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది; వాసన రానందున ఇది ప్రక్షిప్తం.

తాత్పర్యం: పొరుగింటివారు భోజనం త్వరగా ముగించుకొని రావలెను, టార్చిలైటు వెలుగులో పువ్వు లోపలి నక్షత్రం వంటి కీలాగ్రాన్ని చూసి ఆశ్చర్యపోవలెను, వెళ్లేటప్పుడు ఒక “ఆకు” అడిగి పట్టుకెళ్లవలెను. దానిని మట్టిలో గుచ్చితే వేరు పట్టి రెండు మూడేళ్లకు పూస్తుంది. అప్పుడు ఈ వాక్యమే గోడకు అవతలి నుండి, సంబోధనలో మార్పు లేకుండా వినబడుతుంది.