నైన్త్ కార్డు: ఒక్క మెట్టూ వదలకండి

డామినెంట్ నైన్త్ నేర్చుకోవాలని పాతపట్నంలో పియానో కోసం ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. చర్చిలోనో, ఆర్కెస్ట్రా స్టేజీ మీదో వాడి పక్కన పెట్టేసిన అరవై ఒక్క మెట్ల కీబోర్డు చాలు. గురువు అసలే వద్దు. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన విజయనగరం మనకి పక్కనే. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పారు. అలాంటి గాలి పీల్చినవాళ్ళకి కార్డులు ఇంకొకరు చెప్పడమేటి?

సి నైన్ అంటే సి, ఇ, జి, బి ఫ్లాట్, పైన డి. మన లెక్కలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశిక నిషాదం, తారస్థాయి చతుశ్రుతి రిషభం. హరికాంభోజిలోంచి మధ్యమం, ధైవతం తీసేస్తే మిగిలేవి ఇవే. ఆ రెండూ మాత్రం ఏం పాపం చేశాయి? ఏడూ కలిపి నొక్కెయ్యండి. అది థర్టీన్త్ అయిపోయిందని ఎవరైనా సణిగితే, తొమ్మిది కన్నా పదమూడు పెద్దదే కదా అని అడగండి.

పంచమం వదిలెయ్యొచ్చని చెప్పేవాళ్ళు తగులుతారు. అది లేకపోయినా కార్డు గుణం మారదట, ఆనవాలంతా గాంధార నిషాదాల్లోనే ఉందట. బేస్ గిటార్ వాయించేవాడు సి పట్టుకుంటే సి కూడా అతనికే ఒగ్గెయ్యమంటారు. అలా ఒగ్గేస్తే మిగిలేవి ఇ, జి, బి ఫ్లాట్, డి. వాటినే ఒకడు ఇ హాఫ్ డిమినిష్డ్ అంటాడు, ఇంకొకడు జి మైనర్ సిక్స్ అంటాడు. నాలుగు మెట్లకి మూడు పేర్లున్న వ్యవహారంలో మనం తలదూర్చకూడదు. డబ్బులిచ్చి కొన్న కీబోర్డు, ఒక్క మెట్టూ వదలొద్దు.

అయిదు స్వరాలూ ఎడమ చేతికే అప్పగించి, కీబోర్డు ఎడమ చివరికంటా జరిగి నొక్కండి. మంద్రంలో స్వరాలు అంత దగ్గరగా కూర్చుంటే పర్లాకిమిడి షేర్ ఆటోలో వెనక సీటులా ఉంటుంది, ఎవరి మోకాలు ఎవరిదో తెలీదు. ఎడమ చేత్తో ఒక్క సి పట్టుకుని, కుడి చేత్తో మధ్యలో బి ఫ్లాట్, డి, ఇ, జి పట్టుకుంటే చిన్న చేతుల గుంటలు కూడా హాయిగా వాయిస్తారు. అంత సులువుగా వచ్చేదానికి చప్పట్లెవరు కొడతారు? సి నుంచి పై డి దాకా తొమ్మిది తెల్ల మెట్లు, అరస్వరాలు లెక్కేస్తే పద్నాలుగు. చెయ్యి అందకపోతే గడ్డం ఆనించండి.

కాయితం మీద సి నైన్, సి యాడ్ నైన్, సి మేజర్ నైన్ అని వేరువేరుగా కనిపిస్తే కంగారు పడొద్దు. మొదటిదాంట్లో కైశిక నిషాదం, మూడోదాంట్లో కాకలి నిషాదం, నడిమిదాంట్లో నిషాదమే లేదు. మూడింట్లోనూ తొమ్మిది ఉంది కదా, ఒకటే వాయించండి.

ఇక అసలు సంగతి. ఇ కీ బి ఫ్లాట్‌కీ మధ్య ఆరు అరస్వరాల దూరం. ఆ రెండూ కలిసి మోగితే చెవికి నిలకడ ఉండదు. ఇ అరస్వరం పైకెక్కి ఎఫ్ అవుతానంటుంది, బి ఫ్లాట్ అరస్వరం దిగి ఎ అవుతానంటుంది, డి సి లోకి జారుతుంది, బేస్‌లో ఉన్న సి ఎఫ్‌కి వెళుతుంది. అన్నీ చేరేది ఎఫ్ మేజర్‌కి. ఎఫ్‌లో ఉన్న పాటలో చరణం అయ్యాక ఈ కార్డు పడితే, పల్లవి రాబోతోందని ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా తెలిసిపోతుంది. కాబట్టి ఎఫ్‌కి వెళ్ళొద్దు. సస్టెయిన్ పెడల్ తొక్కిపెట్టి సి నైన్ మీదే ఉండండి. గాయకుడు నోరు తెరిచి మీ వైపు చూస్తాడు, మీరు మాత్రం నీలమణి దుర్గమ్మ గుడి వైపు చూడండి. తర్వాత నిలదీస్తే జేమ్స్ బ్రౌన్ బృందం నైన్త్ మీదే కూర్చుని పాటలు నడపలేదా అనండి, డెబుసీ నైన్త్ వెనక నైన్త్ పేర్చలేదా అనండి. జేమ్స్ బ్రౌన్ దగ్గర ఒక్క దెబ్బ తాళం తప్పితే జరిమానా పడేదన్న సంగతి మాత్రం ఎత్తొద్దు.

మిగతా పదకొండు శ్రుతులకీ ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. నొక్కండి, నొక్కినట్టు మర్చిపోండి.

ఇంతా చేశాక మిమ్మల్ని స్టేజీ మీంచి దింపేస్తే షోన్‌బెర్గ్ పేరెత్తండి. 1899లో ఆయన రాసిన తీగవాద్యాల రచన ఒకటి వియన్నా సంగీత సంఘానికి చేరింది. అందులో ఒకచోట నైన్త్ కార్డు తలకిందులైంది, తొమ్మిదో స్వరం అడుక్కి వెళ్ళింది. అలాంటి కార్డు పుస్తకాల్లో లేదని సంఘం వాయించనివ్వలేదు. 1902లో అదే ఊళ్ళో వాయించారు. మీరూ డి ని అడుక్కి దింపి వాయించండి, మూడేళ్ళు ఓపిక పట్టండి. ఈలోగా టెక్కలి నుంచి పెళ్ళి బేరాలు ఏమైనా వస్తే ఒప్పుకోకండి.