విపత్తులో ఆదుకునే మిత్రుడు

2025 ఏప్రిల్ 1న విశాఖపట్నంలో 'టైగర్ ట్రయంఫ్' మొదలైంది. భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసే విన్యాసం. విపత్తు ముంచుకొస్తే జనాన్ని ఎలా ఆదుకోవాలన్నది అందులో పాఠం. మర్నాడే విపత్తు రానే వచ్చింది. తుపాను కాదు, సునామీ కాదు. వాషింగ్టన్‌లో ట్రంప్ గారు అట్ట పట్టుకుని మన సరుకుల మీద 26 శాతం సుంకం చదివి వినిపించారు. ఆంధ్రా రొయ్యల రైతు గుండె గుభేలుమంది. విశాఖలో మాత్రం ఉత్తుత్తి బాధితుల్ని కాపాడే సాధన నిరాటంకంగా సాగింది. అసలు బాధితుడి పేరు జాబితాలో లేదు పాపం!

మా నర్సీపట్నానికి సముద్రం కనబడదు. అదీ మంచిదే. బ్యాండు మోత చెవిన పడనివాడికే పద్దు అడగాలనిపిస్తుంది.

ఆగస్టు 27 నాటికి సుంకం 50 శాతానికి చేరింది. రష్యా చమురు కొన్నందుకు అందులో సగం జరిమానా. సెప్టెంబరు 1 కల్లా మన జవాన్లు అలాస్కాలో 'యుద్ధ్ అభ్యాస్'కు హాజరు. అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో రెండు దేశాల రక్షణ మంత్రులు రాజ్‌నాథ్ సింగ్, పీట్ హెగ్సెత్ పదేళ్ల రక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అప్పటికి సుంకం ఎక్కడిదక్కడే ఉంది. ఒక చెయ్యి చెంప మీద, ఇంకో చెయ్యి భుజం మీద. మనం భుజం మీది చెయ్యి పక్కన నిలబడి ఫొటో దిగాం.

ఇదేమిటయ్యా అంటే, "వ్యాపారం వేరు, రక్షణ వేరు" అంటారు. వేరని మనమే అనుకుంటున్నాం, వాళ్లెప్పుడూ అనుకోలేదు. ఆ ఏప్రిల్ విన్యాసంలో పాల్గొన్న మన జలాశ్వ నౌకనే చూడండి. ఒకప్పుడది అమెరికా వారి ట్రెంటన్. 1971లో వాళ్ల నౌకాదళంలో చేరి, అక్కడ అరిగాక 2007లో మన చేతికొచ్చింది. దాన్ని దాడికి వాడటం మీద ఆంక్షలు, వచ్చి తనిఖీ చేసే హక్కు వాళ్లకే ఉన్నాయని 2008లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. పాత ఓడ అమ్మినా దానికో షరతు కట్టి పంపారు. మనం కొత్త స్నేహం చేస్తూ ఒక్క షరతూ కట్టలేకపోయాం.

ఆ విద్య మనకు రాక కాదు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకున్నాకే డిసెంబరు యుద్ధంలోకి దిగాం. అమెరికా పాకిస్థాన్‌కిచ్చిన ఘాజీ జలాంతర్గామి విశాఖ ముంగిట్లోనే మునిగింది. అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి గుడ్లురిమినా మన పని ఆగలేదు. ఏం కావాలో ముందు తేల్చుకుని, ఎవరితో చేతులు కలపాలో తర్వాత చూసుకున్న రోజులవి. సోవియట్‌లో తయారైన కురుసుర జలాంతర్గామి ఇప్పుడు ఆర్కే బీచ్‌లో మ్యూజియం. ఆ తెలివి కూడా దాంతోపాటే మ్యూజియం ఎక్కినట్టుంది.

పద్దు రాయడం మా వైపు కొత్తేం కాదు. 1922 ఆగస్టులో మా పక్కనే ఉన్న చింతపల్లి, కృష్ణదేవిపేట, ఆపైన రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను కొట్టిన అల్లూరి సీతారామరాజు, పట్టుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. దాడికొచ్చినవాడే పద్దు రాశాడు. దోస్తీ చేసేవాళ్లకేం రోగం?

కనుక ఢిల్లీ పెద్దలకు మనవి. ఈసారి అమెరికా యుద్ధనౌక విశాఖ రేవులోకి రాగానే దండలు కాస్త పక్కన పెట్టి మూడు మాటలు అడగండి. తేజస్ యుద్ధవిమానాల కోసం 2021లో ఆర్డరిచ్చిన ఇంజన్లన్నీ ఎప్పటికి చేతికొస్తాయి? మన రొయ్య మీద ఎంత వడ్డిస్తారు? మేం ఎవరి దగ్గర చమురు కొనాలో చెప్పడం ఎప్పుడు మానేస్తారు? జవాబు రాకపోయినా విన్యాసం ఆపనక్కర్లేదు. దాన్ని రక్షణ శాఖ నుంచి తీసి పర్యాటక శాఖకు అప్పగిస్తే సరిపోతుంది. బ్యాండూ ఫొటోలూ వాళ్లే ఇంకా బాగా చూసుకుంటారు.